రాత్రి మాత్రమే తనది: లాక్‌డౌన్‌లో ఇంటికి చేరిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని కేసు

ఈ కేసు 2020 జూన్‌లో మొదలైంది. దీని గురించి రాయడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది. పేరు వాడలేదు. ఊరు, చదువు, కుటుంబం వివరాల్లో గుర్తుపట్టే వీలున్న వాటిని మార్చాను. నేను హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు చేస్తున్నాను. లాక్‌డౌన్ నెలల్లో మా దగ్గరికి వచ్చిన కాలేజీ పిల్లల్లో ఎక్కువ మందికి రెండు ఫిర్యాదులు ఉండేవి. రాత్రంతా మెలకువగా ఉంటారు, ఫోన్ వదలరు. ఇంట్లో వాళ్లు దీన్ని బద్ధకం అన్నారు, ఫోన్ పిచ్చి అన్నారు. మా సైకాలజిస్టుల్లో కొందరం కూడా నిద్ర వేళలు సరిచేయడం దగ్గరే మొదలుపెట్టాం. ఈ అమ్మాయి విషయంలో ఆ రాత్రి మెలకువ ఏ పని చేస్తోందో ముందుగా తెలుసుకోకపోతే చికిత్స ఒక్క అడుగు కూడా కదిలేది కాదు. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

వయసు 21. బీటెక్ చివరి సంవత్సరం, ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ (ఈసీఈ). ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక పల్లె. నాన్న నాలుగెకరాల్లో పత్తి వేస్తాడు. అమ్మ సొంత పొలంలోనూ చేస్తుంది, కూలికీ వెళ్తుంది. తమ్ముడు ఇంటర్. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఈ అమ్మాయే. 2019 చివర్లో క్యాంపస్ సెలక్షన్లలో ఐటీ ఉద్యోగం వచ్చింది. ఏడాదికి మూడు లక్షల చిల్లర జీతం, జూన్, జూలైలలో చేరాలన్నారు.

2020 మార్చి మధ్యలో విద్యాసంస్థలకు నెలాఖరు దాకా సెలవులన్నారు. రెండు జతల బట్టలు, ఫోన్ ఛార్జర్ సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లింది. ల్యాబ్ రికార్డులు, ప్రాజెక్టు ఫైలు, పుస్తకాలు హాస్టల్ బీరువాలో పెట్టి తాళం వేసింది. 22న జనతా కర్ఫ్యూ, ఆ సాయంత్రమే రాష్ట్రంలో లాక్‌డౌన్, 25 నుంచి దేశమంతా. ఏప్రిల్ 14 అన్న గడువు మే 3 అయింది, తర్వాత మే 17, ఆ తర్వాత మే 31. గడువు దగ్గరపడిన ప్రతిసారీ సంచి సర్దుకునేదట. మే 17 తర్వాత సర్దడం మానేసింది.

జూన్‌లో ఆమె రూమ్మేట్ నాకు ఫోన్ చేసింది. క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లోంచి బయటికి వెళ్లిపోయిందని, ఫోన్ ఎత్తడం లేదని, ఒక రాత్రి 'నేను లేకపోయినా ఎవ్వరికీ ఫరక్ పడదు' అని మెసేజ్ పెట్టి వెంటనే డిలీట్ చేసిందని చెప్పింది. ఆ మెసేజ్‌ను ఈ రూమ్మేట్ తేలికగా తీసుకోకపోవడం వల్లే కేసు మా దాకా వచ్చింది.

మొదటి మాటలు

ఫోన్‌లో మాట్లాడటమే పెద్ద సమస్య. ఇంట్లో ఉన్నవి రెండు గదులు. మామూలు రోజుల్లో పగలు ఎవరూ ఇంట్లో ఉండరు, ఇప్పుడు అందరూ అక్కడే. వీడియో కాల్‌కు సిగ్నల్ లేదు, ఉన్నా ముఖం చూపిస్తూ మాట్లాడే చోటు లేదు. రాత్రి తొమ్మిదిన్నరకు దాబా మీదికి ఎక్కి మాట్లాడుతుంది, ఎవరైనా మెట్లెక్కుతుంటే 'రికార్డు రేపు పంపిస్తనే' అంటుంది, అప్పుడు నేను ఫోన్ పెట్టేయాలి. ఈ ఏర్పాటు ఆమెదే. ఇంత జబ్బులోనూ ఇంత ఆలోచించగలిగిందంటే, సాయం కావాలని ఆమె ఎంత కోరుకుంటోందో తెలుస్తుంది. ముఖం కనపడదు కాబట్టి గొంతు, మౌనం, ఊపిరి వీటి మీదే ఆధారపడ్డాను.

"ఏం బుద్ధైతలేదు మేడం. లేవబుద్ధి కాదు, తినబుద్ధి కాదు. తానం చేసి మూడు రోజులైంది. ఇంతకు ముందు నేను గిట్ల లేకుంటి."

తెల్లవారుజామున నాలుగింటికి పడుకుని మధ్యాహ్నం పన్నెండుకు లేవడం. రోజుకు ఒక పూట తిండి. ఏడుపు ఎక్కువ. ఏ వీడియో చూసినా రెండు నిమిషాలకే మార్చేయడం. ఛాతీ బిగుసుకున్నట్టు ఉండి, అది కరోనా ఏమోనని సబ్బు వాసన చూసుకోవడం, ఊపిరి బిగబట్టి లెక్కపెట్టుకోవడం. ఇంటర్ మొదటి సంవత్సరంలో రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నప్పుడు ఒక నెలన్నర ఇలాగే ఉండి తనంతట తాను తేరుకుంది. అప్పుడు ఎవరికీ చూపించలేదు.

డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 తెలుగు ప్రశ్నావళి ఫోన్‌లోనే చదివి వినిపించాను. 27కి 18 వచ్చింది. 15 నుంచి 19 మధ్య ఉంటే మధ్యస్థం దాటిన డిప్రెషన్ అని లెక్క. ఆందోళనకు వాడే జీఏడీ-7లో 21కి 12. ఉత్సాహం అతిగా పొంగే దశలు గతంలో ఉన్నాయా అని విడిగా అడిగాను, లేవు. మండల కేంద్రంలో రక్త పరీక్ష చేయిస్తే థైరాయిడ్ మామూలుగానే ఉంది, హిమోగ్లోబిన్ మాత్రం తక్కువ, 9.8. ఐరన్ మాత్రలు మొదలయ్యాయి. ఆడపిల్లల్లో నీరసం, నిరాసక్తత చూసినప్పుడు ఈ పరీక్ష అడగకుండా ముందుకు పోకూడదని నా పట్టుదల.

ప్రాణం విషయం

పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచనల గురించి. 'కొన్ని రోజులు' అంది. అక్కడితో ఆగకూడదు. చచ్చిపోవాలనిపిస్తోందా, ఎలా అని ఆలోచించావా, దగ్గర్లో ఏముంది అని సూటిగా అడిగాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయం. అలా పుట్టదు. చాలాసార్లు అవతలి మనిషి ఊపిరి తేలికవడం వినిపిస్తుంది. ఈ అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పొద్దున లేవకుంటే మంచిగుండనిపిస్తది గని, చేసుకోవాలని లేదు" అంది.

ఉద్దేశం లేదు, పథకం లేదు. కానీ పత్తి సీజన్ మొదలవుతోంది, ఇంట్లో గోడ మూలకే పురుగుల మందు డబ్బాలు ఉన్నాయి. పల్లెల్లో క్షణికావేశం ప్రాణం తీసేది ఎక్కువగా ఇక్కడే. ఆవేశం కాసేపటికి చల్లారుతుంది, మందు చేతికి అందకుండా ఉంటే ఆ కాసేపు గడిచిపోతుంది. ఇంట్లో ఒకరికి చెప్పాలని, ఎవరికి చెప్పాలో తనే నిర్ణయించాలని అన్నాను. ఆమె మేజర్. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం ఆమె విషయం గోప్యంగా ఉంచడం నా బాధ్యత, ప్రాణాపాయం ఉన్నప్పుడు ఎంతవరకు చెప్పవచ్చో కూడా ఆ చట్టంలోనే ఉంది. ఈ రెండూ ఆమెకు ముందే వివరించాను. అమ్మకు చెప్పమంది.

అమ్మతో మాట్లాడినప్పుడు డిప్రెషన్ అనే మాట ముందు వాడలేదు. ఆమె చెప్పుకునేదాకా విన్నాను.

"మా పిల్లకేదో రంది పట్టింది మేడం. రాత్రంత ఫోన్ల ఉంటది, పొద్దంత పంటది. మా ఆయన తిడతడు. దిష్టి తీసిన, తాయెత్తు కట్టించిన."

ఆ రంది మనసుకు సంబంధించిన జబ్బని, మందుంటుందని, తిడితే ముదురుతుందని చెప్పాను. దిష్టి తీయొద్దనలేదు. డబ్బాల సంగతి చెప్పగానే ఆమెకు అర్థమైంది, ఎందుకని అడగలేదు. బావి దగ్గర మోటారు గదిలోకి మార్పించి, తాళం చెవి తన కొంగుకు ముడేసుకుంది. ఇంట్లో పిల్లలున్నారని భర్తకు చెప్పింది. ఆ సీజన్ పొడుగునా మందు పిచికారీ రోజున తాళం తీసి, సాయంత్రం మళ్లీ తనే వేసింది.

అమ్మాయితో ఒక కాగితం రాయించాను. మనసు మరీ చీకటవుతోందని తెలిపే గుర్తులు, అప్పుడు తను చేయగలిగినవి, ఎవరికి ఫోన్ చేయాలి, వరుసగా. మొదటి పేరు రూమ్మేట్‌ది. నా నంబరు తర్వాత ప్రభుత్వ హెల్ప్‌లైన్ రాయించాలంటే అప్పట్లో తడుముకోవాల్సి వచ్చింది. అలాంటి హెల్ప్‌లైన్ 'కిరణ్' ఆ ఏడాది సెప్టెంబరు 7న వచ్చింది. ఇప్పుడైతే 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా అవసరమైతే ఇప్పుడే చేయండి.

సైకియాట్రిస్టుకు కూడా పంపాను. మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలతో వీడియోలో చూసి మందు రాసే వీలు దొరికింది. అమ్మాయి, అమ్మ బస్టాండ్ దగ్గర సిగ్నల్ ఉన్న చోటికి వెళ్లి మాట్లాడారు. డిప్రెషన్‌కు వాడే ఎస్సిటాలోప్రాం తక్కువ మోతాదులో మొదలైంది. 25 ఏళ్ల లోపు వాళ్లలో ఈ రకం మందులు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో చావు ఆలోచనలు పెరగడం కొందరిలో కనిపిస్తుంది. అందుకని ఆ వారాల్లో ఫోన్లు దగ్గర దగ్గరగా పెట్టుకున్నాం.

రాత్రి ఎందుకు

నిద్ర డైరీ రాయించినప్పుడు అసలు విషయం బయటపడింది. ఏ గంటకు మెలకువగా ఉందో రాయడమే కాకుండా, ఆ గంటలో ఏం చేసిందో, పక్కన ఎవరున్నారో కూడా రాయమన్నాను. 'పక్కన ఎవరు' అన్న గడిలో పగలంతా పేర్లే. నాన్న, తమ్ముడు, పెద్దమ్మ, టీవీ. రాత్రి పదకొండు తర్వాత ఆ గడి ఖాళీ.

హాస్టల్లో ఆమెకు ఉన్నది ఒక మంచం, ఒక బీరువా. కానీ అక్కడ ఎప్పుడు లేవాలో, ఏం తినాలో, ఎవరితో నవ్వాలో తనే చూసుకుంది. నాలుగేళ్లలో ఆ చోట తనొక మనిషిగా తయారైంది. ఇంటికి వచ్చాక మళ్లీ పదో తరగతి పిల్ల అయిపోయింది. ఫోన్‌లో క్లాసు వింటుంటే అది చదువులా ఎవరికీ కనపడదు, నీళ్లు తెమ్మంటారు, అంట్లు తోమమంటారు. తమ్ముడు కూడా ఫోన్‌లో క్లాసే వింటాడు, వాణ్ని మాత్రం లేపరు. ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోన్ పగలు తమ్ముడి క్లాసులకు పోతుంది. రోజుకు 1.5 జీబీ డేటా సాయంత్రానికి అయిపోయి, అర్ధరాత్రి పన్నెండుకు మళ్లీ వస్తుంది. పన్నెండు నుంచి నాలుగు దాకా ఫోన్ ఆమెది, డేటా ఆమెది, మౌనం ఆమెది. ఆ నాలుగు గంటలకోసం పగలంతా పడుకుంటోంది. దాంతో వెలుతురు లేదు, కదలిక లేదు, తిండి వేళ లేదు, తిట్లు ఎక్కువయ్యాయి, డిప్రెషన్ ముదిరింది.

దీనికి తోడు పెళ్లి. మే నుంచి పెళ్లిళ్లకు యాభై మందికి మించకూడదన్న నిబంధన వచ్చింది. ఆడపిల్ల తండ్రులు చాలామంది దీన్ని ఖర్చు తప్పించుకునే అవకాశంగా చూశారు. దూరపు బంధువుల సంబంధం ఒకటి ఇంట్లో నానుతోంది. పరీక్షలు ఉంటాయో ఉండవో తెలియదు, కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. 'ఉద్యోగం వస్తే కదా' అని నాన్న అన్న ప్రతిసారీ ఆమె దగ్గర చూపించడానికి ఒక పాత ఈమెయిల్ తప్ప ఏమీ లేదు.

ఇలాంటి స్థితిలో 'రాత్రి పదింటికల్లా ఫోన్ పక్కన పెట్టి పడుకో' అనడం అంటే ఆమెకు మిగిలిన ఒకే ఒక గదికి తాళం వేయడం. శాస్త్రం ప్రకారం ఆ సలహా తప్పేమీ కాదు, వేళాపాళా పాటించడం నిద్ర చికిత్సలో ముఖ్యమే. కానీ ముందు పగటిపూట ఒక చోటు, ఒక గంట ఆమెకు దొరకాలి. నిద్ర దాని వెనకే వస్తుందనుకున్నాను. ఈ వరుస మార్చకూడదని ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను. అప్పటినుంచి ఇంట్లో చిక్కుకున్న పిల్లలెవరు వచ్చినా నిద్ర ఎన్ని గంటలని అడిగేముందు, రోజులో ఒంటరిగా ఎప్పుడు, ఎక్కడ ఉండగలుగుతున్నావని అడుగుతున్నాను.

చికిత్స

చోటు అమ్మమ్మ ఇంట్లో దొరికింది. అదే ఊళ్లో రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. ముందు గది, ఒక కిటికీ, ప్లాస్టిక్ కుర్చీ. ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా అక్కడ చదువుకోవాలని అమ్మ ద్వారా ఒప్పించాం. అమ్మమ్మకు చెవులు సరిగా వినపడవు కాబట్టి మా ఫోన్లు కూడా అక్కడికే మారాయి. రూమ్మేట్ తన పాత ఫోన్ పంపింది. పది గంటలకు అక్కడ ఉండాలంటే తొమ్మిదికి లేవాలి. లేచే వేళ ఒక్కటే పట్టుకున్నాం, పడుకునే వేళ గురించి నేను మాట్లాడలేదు. తెల్లవారుజామున నాలుగింటికి పట్టే నిద్ర రెండున్నరకు, తర్వాత ఒంటిగంటకు దానంతట అదే జరిగింది.

రెండోది పనుల చిట్టా. డిప్రెషన్‌లో మనసు బాగయ్యాక పని చేద్దామని ఎదురుచూస్తాం, పని వల్లే మనసు కదులుతుంది. 1970లలో అమెరికన్ సైకాలజిస్టు పీటర్ లూయిన్‌సన్ చూపిన దారి ఇది. దీన్నే బిహేవియరల్ యాక్టివేషన్ అంటాం. రోజులో చేసిన ప్రతి పనికీ సంతోషానికి ఒక అంకె, 'నేను చేయగలిగాను' అన్న భావానికి ఒక అంకె, సున్నా నుంచి పది దాకా వేయమన్నాను. వాట్సాప్‌లో కాగితం ఫొటో పంపేది. ఒక ఫొటో నాకు బాగా గుర్తు. ఆన్‌లైన్ క్లాసు 1, 1. అంట్లు 0, 0. పత్తి గింజలు పెట్టడం 6, 7.

మృగశిర కార్తెలో వాన పడగానే అమ్మ వెంట సాలు సాలుకూ గింజలు పెడుతూ పోయింది. పొద్దున ఆరింటికి వెళ్లింది, ఎండలో నడిచింది, తోటి ఆడవాళ్లతో నవ్వింది. మధ్యాహ్నం ఆకలేసి రెండోసారి పెట్టించుకుంది. అదే ఇంటి పని అయిన అంట్లకు సున్నా ఎందుకని అడిగాను. "అది నాకు చెప్తరు మేడం. చేనుకు నేనే పోత అన్న" అంది. ఈ తేడా ఆమె నోటే వచ్చింది. 'పల్లెకు వెళ్లి పొలం పని చేస్తే మనసు బాగవుతుంది' అని అప్పట్లో చాలామంది పిల్లలకు సలహాలిచ్చారు. పొలం పని మందు కాదు. తను ఎంచుకోవడమే ఇక్కడ పనిచేసింది. అందుకే చిట్టాలో ప్రతి వారం ఎంచుకున్న పని ఒకటి తప్పనిసరిగా ఉంచాం. జూలైలో అది కోడింగ్ ప్రాక్టీసు, తర్వాత తమ్ముడికి లెక్కలు చెప్పడం. అంట్లు ఇద్దరికీ పంచమని అమ్మతో తనే మాట్లాడింది, వారంలో మూడు రోజులు తమ్ముడు తోమాడు.

ఆలోచనల మీద పని తక్కువే చేశాం. 'కరోనా బ్యాచ్‌కు ఎవడూ ఉద్యోగం ఇవ్వడు' అని అప్పుడు బాగా తిరిగిన మాట. దాని మీద వాదించలేదు, అందులో కొంత నిజం ఉందేమో అప్పటికి ఎవరికీ తెలియదు. తెలియని దాన్ని తెలిసినట్టు బాధపడుతున్నావని మాత్రం పట్టి చూపించాను.

నాన్నతో మాట్లాడటం కష్టమైన పని. ఆయన చెడ్డవాడు కాదు. అప్పు ఉంది, కూతురి వయసు ఉంది, రేపేమవుతుందో తెలియని రోజులు.

"యాభై మందితోని అయిపోతది మేడం. మామూలప్పుడైతే నాకు ఎల్లదు. మంచి సంబంధం, పోతే మళ్ల రాదు."

పెళ్లి చేయండి, చేయొద్దని చెప్పడం నా పని కాదన్నాను. మందు మొదలైన నెలల్లో ఏ పెద్ద నిర్ణయమూ తీసుకోకూడదన్నది వైద్య సలహా, అది సైకియాట్రిస్టు కూడా చెప్పారు. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. బిడ్డకు నయమవుతుందా అని మాత్రం అడిగాడు. అవుతుందని, మందు మానకుండా, తిట్లు లేకుండా ఉంటే త్వరగా అవుతుందని చెప్పాను. "సరే, దసరా దాకా ఆ ముచ్చట ఎత్తం" అన్నాడు, మాట నిలబెట్టుకున్నాడు. తిట్లు పూర్తిగా పోలేదు గానీ తగ్గాయి.

ఆగస్టు దెబ్బ, తర్వాత

జూలై చివరికి పీహెచ్‌క్యూ 11. చివరి సంవత్సరం పరీక్షలు సెప్టెంబరు ఆఖరులోగా పెట్టాల్సిందేనని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) జూలై 6న చెప్పింది, దాని మీద కేసు సుప్రీంకోర్టులో నడిచింది. నెలన్నర పాటు పరీక్ష ఉన్నట్టూ లేనట్టూ. ఆ మధ్యలోనే కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది, చేరే తేదీ తర్వాత తెలియజేస్తామని. ఆ రాత్రి మళ్లీ నాలుగు దాకా మేలుకుంది. అమ్మమ్మ ఇంటికి వెళ్లడం మానేసింది. స్కోరు 15కు ఎక్కింది. అయితే ఈసారి మెసేజ్ పెట్టి డిలీట్ చేయలేదు. కాగితం తీసి, అందులో మొదటి పేరున్న రూమ్మేట్‌కు అర్ధరాత్రి ఫోన్ చేసింది. మర్నాడు నాకు చేసింది. సైకియాట్రిస్టు మోతాదు పెంచారు. చిట్టాను మళ్లీ చిన్నదిగా, రోజుకు రెండే పనులతో మొదలుపెట్టాం.

ఆగస్టు 28న సుప్రీంకోర్టు పరీక్షలు పెట్టాల్సిందేనన్న మాటను సమర్థించింది. పరీక్షలు రద్దవ్వాలని కోరుకున్న పిల్లలు చాలామంది కుంగిపోయారు. ఈ అమ్మాయి మాత్రం తేరుకుంది. చేతికి ఒక తేదీ వచ్చింది, అంతే. వైరస్ భయం, బస్సు భయం అన్నీ ఉన్నా సెప్టెంబరులో పరీక్షలు రాసింది. హాస్టల్ వాళ్లు మూసి ఉన్న నెలలకు కూడా అద్దె కడితేగాని బీరువా తెరవనివ్వమన్నారు. నలుగురు స్నేహితురాళ్లు కలిసి వెళ్లి మాట్లాడి సగానికి తెంచుకుని సామాను తెచ్చుకున్నారు. ఆ రోజు చిట్టాలో 'చేయగలిగాను' గడిలో తొమ్మిది ఉంది.

అక్టోబరులో స్కోరు 7. దసరా వెళ్లాక నాన్న పెళ్లి మాట ఎత్తాడు. ఉద్యోగంలో చేరి ఏడాది చేశాక చూద్దామని తనే చెప్పింది. గట్టిగానే గొడవైంది, అన్నం మానేయకుండా గొడవ పడింది. నా దృష్టిలో అది మెరుగుదలే. డిసెంబరులో చేరమని పిలుపొచ్చింది, పని ఇంటి నుంచే. ఊళ్లో సిగ్నల్‌తో కుదరదని రూమ్మేట్‌తో కలిసి హైదరాబాద్‌లో గది తీసుకుంది. జనవరిలో స్కోరు 4.

డిప్రెషన్ తగ్గాక కూడా మందు కొన్ని నెలలు కొనసాగించాలి. 2021 వేసవిలో తగ్గిద్దామని అనుకుంటుండగా సెకండ్ వేవ్ వచ్చింది. మే 12న తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్. మందు అలాగే ఉంచాం. ఆమె ఊరెళ్లాల్సి వచ్చింది. బయల్దేరే ముందే అమ్మమ్మ ఇంట్లో బల్ల వేయించుకుంది, రెండు సిమ్‌లు వేరే నెట్‌వర్కులవి తీసుకుంది, పని వేళలు రాసి అమ్మకు వినిపించింది. ఆ లాక్‌డౌన్ జూన్ 19 దాకా సాగింది. ఆ నెలరోజుల్లో నిద్ర రాత్రి పన్నెండు దాటలేదు. వానలు పడ్డాక సైకియాట్రిస్టు మందు మెల్లగా తగ్గించి, ఆ ఏడాది చివరికి ఆపేశారు. పెళ్లి ఒత్తిడి లాంటివి పెరిగినప్పుడు డిప్రెషన్ మళ్లీ వచ్చే అవకాశం ఉంది, ఆ సంగతి ఆమెకూ అమ్మకూ తెలుసు. ఆరు నెలలకోసారి ఫోన్ చేయమన్నాను, చేస్తోంది.